ప్రాజెక్ట్ మేనేజర్ కావాలంటే... ఉన్న ఉద్యోగంలోనే తొలి మెట్టు

డిప్లొమానో డిగ్రీనో పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన మన హాస్టల్ పూర్వ విద్యార్థులకు నాలుగైదేళ్లు గడిచేసరికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. సైట్ సూపర్‌వైజర్‌గా, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా, అకౌంటెంట్‌గా ఇంకెంతకాలం? పై మెట్టు ఏది? చాలామందికి కనిపించే మెట్టు ప్రాజెక్ట్ మేనేజర్. పదో తరగతి, ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఈ వ్యాసం చదవవచ్చు. ఇందులో సగం విషయం మీరు హాస్టల్లో ఇప్పటికే చేస్తున్నదే.

ప్రాజెక్ట్ అంటే మొదలు, ముగింపు ఉన్న పని. రోజూ వంట చేయడం ప్రాజెక్ట్ కాదు, కొత్త వంటగది కట్టడం ప్రాజెక్ట్. ఆ పని అనుకున్న తేదీకి, అనుకున్న ఖర్చులో, అనుకున్న నాణ్యతతో పూర్తయ్యేలా చూసే బాధ్యత మేనేజర్‌ది. ఇటుక ఆయన పేర్చడు, ప్రోగ్రామ్ ఆయన రాయడు.

వార్షికోత్సవ సంచికనే ఉదాహరణగా తీసుకుందాం. వ్యాసాల సేకరణకు 10 రోజులు, డి.టి.పి.కి 6, ప్రూఫులు దిద్దడానికి 3, అచ్చుకు 7 రోజులు పడతాయనుకోండి. ఒకటి అయితేగానీ రెండోది మొదలుకాదు కనుక మొత్తం 26 రోజులు. మరోవైపు స్టేజీ పనులున్నాయి. అనుమతికి 5 రోజులు, షామియానా, మైకు మాట్లాడడానికి 2, కట్టడానికి 2, మొత్తం 9 రోజులు. రెండూ ఒకే రోజు మొదలుపెడితే షామియానా వారం ఆలస్యమైనా కొంప మునగదు, 17 రోజుల వెసులుబాటు ఉంది. డి.టి.పి. ఒక్కరోజు జాప్యమైతే మాత్రం సంచిక ఒకరోజు ఆలస్యమవుతుంది. వెసులుబాటు లేని ఆ 26 రోజుల వరుసనే క్రిటికల్ పాత్ అంటారు. అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ రెమింగ్టన్ రాండ్‌తో కలిసి 1957 ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించింది. కంప్యూటర్లో షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్లలో కూడా జరిగేది ఇదే లెక్క. మన ఆఫీసుల్లో తరచూ జరిగేది వేరు. ఎవరు గట్టిగా అరిస్తే వారి పని ముందు చూస్తారు!

ఇక సర్టిఫికెట్ సంగతి. ఇక్కడే మనవాళ్లు అప్పుచేసి డబ్బు పోసేది కనుక కాస్త జాగ్రత్తగా చదవండి. అమెరికాలో 1969లో ఏర్పడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి పి.ఎం.పి. అనే సర్టిఫికెట్ ఇస్తోంది. పరీక్ష ఫీజే కొన్ని వందల డాలర్లు. డిగ్రీ ఉన్నవారికి 36 నెలలు ప్రాజెక్టులను నడిపిన అనుభవం ఉండాలి, దానితోపాటు 35 గంటల శిక్షణ కావాలి. ఇంటర్ అర్హత మాత్రమే ఉంటే 60 నెలల అనుభవం అడుగుతారు. ఉద్యోగం చేసిన నెలలన్నీ ఇందులోకి రావు, పని నడిపించిన నెలలే లెక్క. కొన్ని దరఖాస్తులను ఎంచుకుని తనిఖీ కూడా చేస్తారు. అనుభవం లేకుండా ముందే శిక్షణ కేంద్రానికి వేలు కట్టడం తొందరపాటని నా అభిప్రాయం. కొత్తవారికి అనుభవం అడగని సి.ఎ.పి.ఎం. పరీక్ష ఉంది. అసలు విషయం నేర్చుకోవడానికైతే ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ఐ.ఐ.టి. అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు.

మరి ఆ అనుభవం ఎలా వస్తుంది? ఇప్పుడున్న కుర్చీలోంచే. సివిల్ వారైతే సైట్ నుంచి బిల్లింగుకో ప్లానింగుకో మారమని అడగండి. అక్కడ అందరి పరిమాణాలు, రేట్లు, తేదీలు కళ్లముందుంటాయి. టెస్టర్‌కు ఏ పని నిజంగా పూర్తికాలేదో అందరికంటే ముందు తెలుస్తుంది, అకౌంటెంట్‌కు డబ్బు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఇవి చిన్న అర్హతలు కావు. వారం వారం మీటింగు నోట్సు రాయడానికి ఎవరూ ముందుకు రారు. ఆ పని మీరే అడిగి తీసుకోండి. ఎవరు, ఏ పని, ఏ తేదీకి అని రాసే వ్యక్తి దగ్గరకే కొన్నాళ్లకు అందరూ వస్తారు.

అసలు కష్టం వేరేచోట ఉంది. చేతిపని బాగా వచ్చినవారు, కింది మనిషి ఆలస్యం చేస్తే "ఇటివ్వు, నేనే చేస్తా" అంటారు. ఆ పని అవుతుంది, మిగతా పది పనులు ఆగుతాయి. రెండోది మనవాళ్లకు మరీ ఎక్కువ. వయసులో పెద్దవారిని, పెద్ద ఇంటి వారిని "ఎందుకు కాలేదు?" అని అడగడానికి నోరు రాదు. తప్పు పట్టకుండా తేదీ అడగడం అలవాటు చేసుకోండి. "సార్, 12వ తేదీకి స్లాబ్ అనుకున్నాం. స్టీలు ఇంకా రాలేదు. ఏ తేదీ రాసుకోమంటారు?" ఇందులో అమర్యాద లేదు, కానీ జవాబు చెప్పక తప్పదు. అలాగే ఆలస్యం ఖాయమని తెలిసిన రోజే పైవారికి చెప్పాలి. గడువు రోజున చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఢిల్లీ మెట్రో కట్టించిన ఇ. శ్రీధరన్ గారు చదివింది మన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలోనే. కొంతకాలం కోజికోడ్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, తరువాత రైల్వేలో చేరారు. 1964 డిసెంబరు తుఫానుకు పాంబన్ రైలు వంతెన గర్డర్లు సముద్రంలో కొట్టుకుపోయాయి. రైల్వే 6 నెలల గడువు పెడితే పై అధికారి 3 నెలలకు తగ్గించారు. శ్రీధరన్ గారు సముద్రంలోని గర్డర్లను తీయించి మళ్లీ బిగించి 46 రోజుల్లో పూర్తిచేశారు. ఢిల్లీ మెట్రోలో ఇంకెన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలు పెట్టించారు. అందరికీ కనబడేలా తేదీ పెట్టడం అంటే అదే.

ఒక మాట దాచకూడదు. ఈ మార్పులో మొదట్లో జీతం పెరగకపోవచ్చు, ఫోన్లు మాత్రం రాత్రి పదింటికీ వస్తాయి. యంత్రం విప్పడం, ప్రోగ్రామ్ రాయడంలోనే ఆనందం ఉన్నవారు అందులోనే సీనియర్ నిపుణులు కావచ్చు, అది తక్కువ దారి కాదు.

మారాలనుకునేవారు ఈ నెల నుంచే ఒక నోటుపుస్తకంలో అయిదు గళ్లు గీయండి: పని, ఎవరు, చెప్పిన తేదీ, అయిన తేదీ, తేడాకు కారణం. ఎంతమంది పనిచేశారో, ఎంత ఖర్చయిందో పక్కన రాయండి. దరఖాస్తులోనూ ఇంటర్వ్యూలోనూ అడిగేది ఇవే. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూరగాయల లెక్కతోనే ఈ పుస్తకం మొదలుపెట్టవచ్చు.