పక్షుల్ని గమనించండి, మనుషుల్ని అడగండి

ఆడవాళ్లు ఆడవాళ్లని, మగవాళ్లు మగవాళ్లని ప్రేమించడం ప్రకృతి విరుద్ధమా అని క్లాసు అయ్యాక గొంతు తగ్గించి అడిగే పిల్లలు నా జువాలజీ విద్యార్థుల్లో ఎప్పుడూ ఉండేవారు. ఇది వాళ్ల కోసం.

1. కంటబడింది దాచకండి. 1911-12లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ దగ్గర జార్జ్ ముర్రే లెవిక్ అనే డాక్టరు అడేలీ పెంగ్విన్లను గమనించాడు. మగవి మగవాటితో కలవడం చూశాడు. అలాంటి సంగతులు కొన్నింటిని నలుగురూ చదవలేకుండా గ్రీకు అక్షరాల్లో రాసుకున్నాడు. అచ్చయిన నివేదికలో ఆ భాగం లేదు. 1915లో దాన్ని విడిగా వంద ప్రతులు వేసి, ప్రచురణకు కాదని పైన ముద్రించి, కొద్దిమందికే ఇచ్చారు. అందరి చేతికీ వచ్చింది 2012లో. అన్నేళ్లూ ఆ పేజీలు లేని పాఠమే పిల్లలు చదివారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2. అన్నిటికీ ఒకే కారణం వెతకకండి. హవాయిలోని ఓవాహు దీవిలో మగ ఆల్బట్రాస్‌లు తక్కువ. అక్కడ 31 శాతం జంటల్లో రెండూ ఆడపక్షులేనని 2008లో తేల్చారు. అవి కలిసి పిల్లను పెంచుతాయి. పొట్టేళ్ల సంగతి వేరు: పక్కన ఆడగొర్రెలున్నా సుమారు 8 శాతం పొట్టేళ్లు మగవాటినే కోరుకుంటాయి.

3. పెంగ్విన్‌ను న్యాయమూర్తిని చేయకండి. గాయపడిన ఆడవాటి మీద, కూనల మీద మగవాటి దౌర్జన్యాన్ని కూడా లెవిక్ రాశాడు. జంతువు చేసిందల్లా మనకు ఒప్పయితే అదీ ఒప్పే కావాలి. ఇలాంటిది ప్రకృతిలోనే లేదన్న అబద్ధాన్ని కొట్టేయడానికే ఆ నోట్సు పనికొస్తాయి.

మనుషుల గురించి మనుషుల్నే అడగాలి. మనస్తత్వవేత్త ఎవెలిన్ హూకర్ అదే చేసింది. అంతకుముందు డాక్టర్లు ఎక్కువగా రోగుల్ని, ఖైదీల్ని చూసి తీర్పు చెప్పేవారు. ఆమె మామూలుగా బతుకుతున్న 30 మంది స్వలింగ ప్రేమికులకు, ఆడవాళ్లనే ఇష్టపడే మరో 30 మంది మగవాళ్లకు మానసిక పరీక్షలు పెట్టి, పేర్లు చెప్పకుండా ఫలితాలను నిపుణుల ముందుంచింది. ఎవరు ఎవరో వాళ్లు పోల్చుకోలేకపోయారు. ఆ ఫలితం 1957లో వెలువడింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేయడానికి 1973 దాకా పట్టింది.

4. తల్లిదండ్రులకు ఒక మాట. వయసొచ్చిన ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో ఇష్టపడి కలిసుండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. మీ అబ్బాయిని మారుస్తానని ఏ డాక్టరైనా అంటే డబ్బు కట్టకండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు రాయండి. రాసే ముందు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చెప్పేది పూర్తిగా వినండి.