మైనపు దిమ్మె, మూడు నెలల సెలవు

బైలడిల్లా గనుల్లో, నగర్నార్ ఉక్కు కర్మాగారంలో, జగదల్‌పూర్ బజారులో పనిచేసే మనవాళ్లకు గొంతు బొంగురుపోవడం పెద్ద విషయంగా తోచదు. దుమ్ము వల్లే అనుకుంటారు. మూడు వారాలు దాటినా గొంతు తేరుకోకపోతే, మింగుతుంటే ముల్లు గుచ్చినట్టుంటే, మెడలో గడ్డ చేతికి తగిలితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలి, కరెంటు (రేడియేషన్) పెట్టాలన్న తర్వాత ఏం చేయాలో ఇక్కడ చెబుతాను.

అప్పుడు ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "కరెంటుకి గడ్డ కరుగుతుందో లేదో ముందే చెప్పే పరీక్ష ఉందా?" గడ్డ టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో ఉంటే ఉంది, దాని పేరు పీ16. హెచ్‌పీవీ వైరస్ వల్ల పుట్టిన గడ్డల్లో ఈ ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తుంది, అవి రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్నవాళ్లలో 82 శాతం మంది మూడేళ్ల తర్వాత బతికి ఉన్నారు, లేనివాళ్లలో 57 శాతమే. ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లకు మాత్రం ఆ లాభం తగ్గింది. పీ16 పాజిటివ్ వచ్చింది కదా అని వైద్యం తగ్గించమని అడగకండి. అలాంటి రోగులకు కరెంటుతో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు బదులు మరొకటి ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాల్లో ఫలితం దెబ్బతిన్నదని 2018లో తేలింది.

స్వరపేటికలో గడ్డ అయితే సంగతి వేరు. పీ53, ఈజీఎఫ్‌ఆర్, కేఐ-67 అని రిపోర్టుల్లో కనిపించే పేర్ల మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. కానీ కరెంటు పెట్టాలా, ఆపరేషన్ చేయాలా అన్నది వాటిని బట్టి తేల్చే స్థాయికి ఏదీ రాలేదు. గడ్డ ఎంతవరకు పాకింది, స్వరతంత్రి కదులుతోందా అన్నవే అక్కడ ముఖ్యం. ఖరీదైన పరీక్ష ఏదైనా రాస్తే డాక్టరుని మొహమాటపడకుండా అడగండి: "ఈ రిపోర్టు వచ్చాక వైద్యం మారుతుందాండీ?" మారదంటే ఆ డబ్బు దారి ఖర్చులకు దాచుకోండి.

ఒక వస్తువు మాత్రం మరవొద్దు. ముక్క పరీక్ష చేసిన ల్యాబులో మీ గడ్డ ముక్కను మైనంలో పొదిగి, తపాలా బిళ్లంత ప్లాస్టిక్ డబ్బీలో ఉంచుతారు. దాన్ని 'బ్లాక్' అంటారు. పీ16 పరీక్ష ఆ మైనపు దిమ్మె మీదే చేస్తారు. అది చేతిలో ఉంటే చాలాసార్లు మళ్లీ ముక్క తీయాల్సిన పని ఉండదు. రాయపూర్ అంబేద్కర్ ఆస్పత్రికి వెళ్లినా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా, బ్లాకూ స్లైడ్లూ అడిగి తీసుకెళ్లండి. ఎండలో పెట్టకండి, మైనం కరుగుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న విషయాలు. నా దృష్టిలో పీ16 లాంటి మార్కర్ల కన్నా ఇవే పెద్దవి. మామూలుగా వారానికి ఐదు చొప్పున ఏడు వారాల్లో 35 సిట్టింగులు ఉంటాయి. ఆ గడువు దాటి వైద్యం సాగే ఒక్కో రోజుకూ గడ్డ అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం పడిపోతుంది. పండక్కి ఊరెళ్లి రావడం, డ్యూటీ కోసం మధ్యలో రావడం కుదరదు. బీడీ, గుడాఖు, గుట్కా మొదటి సిట్టింగుకు ముందే మానాలి. 1993 నాటి కెనడా అధ్యయనంలో కరెంటు పెట్టించుకుంటూ పొగ తాగినవాళ్లలో 45 శాతం మందికే గడ్డ పూర్తిగా కరిగింది, తాగనివాళ్లలో 74 శాతం మందికి కరిగింది. రక్తహీనత ఉన్నా రేడియేషన్ సరిగా పనిచేయదు, హిమోగ్లోబిన్ ఎంతో అడగండి. పుచ్చిన పళ్లు ముందే పీకించుకోవాలి, తర్వాత పీకితే దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది.

డబ్బు సంగతి. ఆయుష్మాన్ కార్డుతో కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం. జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉంటే, రెండేళ్ల సర్వీసు నిండినవాళ్లకు క్యాన్సర్ సెలవులో జీతంలో 80 శాతం వస్తుంది. వైద్యానికి వెళ్లే రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం. తోడుగా వచ్చే ఒకరికి 75 శాతం రాయితీ. ఇందుకు ఆస్పత్రి నుంచి సర్టిఫికెట్ తీసుకోండి.

చివరి సిట్టింగు అయ్యాక కూడా నోటిపూత, మింగలేకపోవడం, నీరసం కొన్ని వారాలు ఉంటాయి. అందుకే కిరండోల్‌లో విశాఖ రైలు ఎక్కే ముందే సెలవు చీటీలో ఏడు వారాలు కాదు, మూడు నెలలు రాయించండి.