సెలవడిగిన సింఫనీ

సంగీతం నేర్చినవాణ్ణి కాను. వ్యవసాయ కుటుంబంలో పుట్టి బి.యస్సీ. చదువుతున్నవాణ్ణి. ఫిజిక్సులో శబ్దం పాఠం నడుస్తున్న రోజుల్లో హాస్టల్ మిత్రుడొకడు హైడన్ 45వ సింఫనీ వినిపించాడు. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి.

యూరప్‌లో సుమారు 1750 నుంచి 1820 వరకు సాగినది క్లాసికల్ యుగం. ఆర్కెస్ట్రాకి వెన్నెముక వయొలిన్ కుటుంబం. ఈ సింఫనీలో దానికి తోడు రెండు ఓబోలు, ఒక బసూన్, రెండు హార్న్‌లు ఉన్నాయి. ఓబోకి మన నాదస్వరంలాగే జంట రెల్లు పీక. హార్న్ సంగతి మన పాఠమే! ఆనాటికి దానికి వాల్వులు లేవు. గొట్టం పొడవును బట్టి పలికే అనుస్వరాలే దిక్కు. శ్రుతి మారాలంటే గొట్టం ముక్క మార్చాలి. హైడన్ ఎంచుకున్న ఎఫ్ షార్ప్ మైనర్ ఎంత అరుదైనదంటే, హార్న్‌లకి ప్రత్యేకంగా ముక్కలు చేయించాల్సి వచ్చింది.

మన కచేరీలో ఆధారశ్రుతి చివరిదాకా కదలదు. వాళ్ళది కదులుతుంది. సొనాటా రూపమంటే అదే: సొంత శ్రుతిలో బయల్దేరి, మరో శ్రుతిలో స్థిరపడి, మధ్యలో నానా శ్రుతులూ తిరిగి, మళ్ళీ ఇల్లు చేరడం.

ఇల్లు చేరడమే ఇక్కడ అసలు గొడవ. హైడన్ 1732లో రోరావు అనే పల్లెలో బండి చక్రాలు చేసేవాడి కొడుగ్గా పుట్టాడు. 1761లో ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరాడు. ఎంత విద్వాంసుడైనా నౌకరు దుస్తులే! 1772లో నికొలాస్ ప్రభువు వేసవి విడిది ముగించకుండా పొడిగించాడు. వాద్యకారుల్లో చాలామంది పెళ్ళాం బిడ్డలు వేరే ఊళ్ళో ఉన్నారు. ప్రభువుని అడిగేదెవరు?

పండక్కి ఇంటికెళ్తానని అడగలేక మా పాలేరు గుమ్మం దగ్గర నిలబడేవాడు. మేం చూసీ చూడనట్టుండేవాళ్ళం. సింఫనీ వింటుంటే నాకు ప్రభువు పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

చివరి భాగం వేగంగా ముగింపుకొచ్చినట్టే వచ్చి, ఠక్కున ఆగిపోతుంది. నెమ్మదైన పాట మొదలవుతుంది. ముందు ఒక ఓబో, ఒక హార్న్ తమ వంతు వాయించి, కొవ్వొత్తులార్పి లేచిపోయారు. తర్వాత బసూన్, మిగిలిన ఓబో, హార్న్, ఆపైన డబుల్ బాస్... ఆఖరికి రెండే వయొలిన్లు, గొంతు నొక్కినట్టు సన్నగా. మైనర్‌లో మొదలైన సింఫనీ మేజర్‌లో ఆగుతుంది. మర్నాడే ప్రభువు ప్రయాణానికి ఆజ్ఞ ఇచ్చాడని చెబుతారు.

వినదలచిన మిత్రులు ఆ చివరి భాగంతోనే మొదలుపెట్టవచ్చు. ఏడెనిమిది నిమిషాలే.