అందరూ రాసే విజ్ఞాన సర్వస్వంలో అమ్మకందారుల చేతులు



ప్రాజెక్టు వర్కు కావచ్చు, వ్యాసరచన పోటీ కావచ్చు, ఏ కాలేజీలో చేరాలో తెలుసుకోవడం కావచ్చు, సెల్‌ఫోన్‌లో ఒక మాట కొట్టగానే చాలాసార్లు మొదట కనిపించేది వికీపీడియా పేజీ. అక్కడ ఉన్నది ఉన్నట్టు నోట్సులోకి ఎక్కించుకుంటాం. ఆ పేజీని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని మాత్రం అడగం. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

వికీపీడియా అంటే ఏమిటి?

వికీపీడియా 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైంది. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ దీన్ని ప్రారంభించారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇందులో వ్యాసాలు రాసేవారు స్వచ్ఛంద సేవకులు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. చదవడానికి డబ్బు కట్టనక్కరలేదు, పేజీల్లో వ్యాపార ప్రకటనలు ఉండవు. ఏ పక్షమూ వహించకుండా రాయాలి, చెప్పిన మాటకు ఆధారం చూపాలి అన్నవి దీని ముఖ్య నియమాలు.

అందరికీ తెరిచిన తలుపు కాబట్టి సరుకు అమ్ముకునేవారు కూడా ఆ తలుపులోంచే వస్తారు.

కంపెనీలకు దీనితో ఏం పని?

పేపర్లో ప్రకటన చూస్తే అది ప్రకటన అని మనకు తెలుసు. అందులో మాటను సగమే నమ్ముతాం. విజ్ఞాన సర్వస్వంలో కనిపించిన మాటను పాఠంలా నమ్ముతాం. పైగా గూగుల్‌లో వెతికినప్పుడు వికీపీడియా పేజీ పైవరసలో వస్తుంది. మాట్లాడే యంత్రాలు, కృత్రిమ మేధ పరికరాలు కూడా అక్కడి సమాచారాన్ని వాడుకుంటాయి. ఒక్కచోట మారిస్తే పదిచోట్ల మారినట్టే. లక్షలు పోసినా దొరకని నమ్మకం ఇక్కడ ఊరికే దొరుకుతుందని కొన్ని కంపెనీలు అనుకున్నాయి. అందుకు నాలుగు దారులు పట్టాయి.

మొదటి దారి: చెడ్డ మాట తుడిచేయడం. అమెరికాలో డైబోల్డ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలు తయారుచేసేది. ఆ యంత్రాల భద్రతపై వచ్చిన విమర్శలను వికీపీడియా పేజీలోంచి పేరాలకు పేరాలు 2005 నవంబరులో ఎవరో తీసేశారు. తీసిన కంప్యూటర్ చిరునామా ఆ కంపెనీదే. 2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి వికీస్కానర్ అనే పరికరం తయారుచేశాడు. ఏ మార్పు ఏ సంస్థ కంప్యూటర్ నుంచి వచ్చిందో అది చూపించింది. అప్పుడు ఈ సంగతి లోకానికి తెలిసింది.

రెండో దారి: సొంత సరుకు చొప్పించడం. 2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ కంపెనీ అమెరికాలో పదిహేను సెకన్ల టీవీ ప్రకటన వేసింది. అందులోని మనిషి గూగుల్ యంత్రాన్ని పిలిచి మా వొప్పర్ బర్గర్ అంటే ఏమిటి అని అడుగుతాడు. చూసేవారి ఇంట్లో ఉన్న యంత్రం ఆ మాట విని వికీపీడియాలోని మొదటి వాక్యం చదవాలి. ప్రకటనకు ముందే ఆ వాక్యం మెచ్చుకోలు మాటలతో మారిపోయి ఉంది. అయితే ఆకతాయిలు ఊరుకోలేదు. బర్గర్‌లో సైనైడ్ ఉంటుందని కూడా రాశారు. కొన్ని గంటల్లోనే గూగుల్ ఆ ప్రకటనకు యంత్రం పలకకుండా ఆపేసింది. 2019లో నార్త్ ఫేస్ అనే దుస్తుల కంపెనీ బ్రెజిల్‌లోని ప్రకటనల ఏజెన్సీతో కలిసి మరో పని చేసింది. కొండలు, పార్కుల వ్యాసాల్లో ఉన్న ఫోటోలు తీసి, తమ సరుకు కనిపించే ఫోటోలు పెట్టింది. వికీమీడియా ఫౌండేషన్ బహిరంగంగా ఖండించింది. కంపెనీ క్షమాపణ చెప్పింది.

మూడో దారి: కూలికి రాయించడం. డబ్బు తీసుకుని కంపెనీల పేజీలు రాసిపెట్టే వికీ-పీఆర్ అనే సంస్థకు సంబంధించి 2013లో 250కి పైగా ఖాతాలను వికీపీడియా నిలిపివేసింది. వేర్వేరు మనుషుల్లా కనిపించే ఆ పేర్ల వెనుక ఉన్నది ఒకే వ్యాపారం.

నాలుగో దారి: బెదిరించి వసూలు చేయడం. 2015లో ఇలాంటి ముఠా ఒకటి బయటపడింది. చిన్న వ్యాపారులు రాసుకున్న వ్యాసం తిరస్కరణకు గురికాగానే వారిని పట్టుకుని, డబ్బిస్తే పేజీ పెట్టిస్తాం అనేవారు. తర్వాత పేజీ పోకుండా కాపలా కాయడానికి నెలనెలా కట్టమనేవారు. వికీపీడియా 381 ఖాతాలను నిలిపివేసి, 210 వ్యాసాలను తొలగించింది.

మనకు తగిలే దెబ్బ

ఇవన్నీ దూరదేశాల సంగతులు, మనకెందుకు అనుకోవద్దు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లానింగ్ అండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ ఢిల్లీ కేంద్రంగా నడిచింది. హైదరాబాద్‌లోనూ క్యాంపస్ పెట్టింది. పేపర్లలో పెద్దపెద్ద ప్రకటనలు ఇచ్చేది. దానికి యూజీసీ గుర్తింపు గాని, ఏఐసీటీఈ గుర్తింపు గాని లేదు. 2014 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, ఆ సంస్థ తన కోర్సులకు ఎంబీఏ, బీబీఏ అన్న పేర్లు వాడరాదని ఆదేశించింది.

వికీపీడియాలో ఆ సంస్థ పేజీని వైఫైవన్ అనే ఖాతా ఏళ్ల తరబడి దిద్దుతూ వచ్చింది. ఆ ఖాతాకు నిర్వాహక హోదా కూడా ఉండేది. పక్షపాతంగా దిద్దినట్టు తేలడంతో 2015 ఫిబ్రవరిలో వికీపీడియా పంచాయితీ సంఘం ఆ హోదా తీసేసి, ఖాతాను బహిష్కరించింది. ఈలోగా ఆ పేజీ చూసి ఫీజు కట్టిన తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి.

మనలో చాలామంది ఇళ్లలో కాలేజీ మెట్లు ఎక్కిన పెద్దలు లేరు. ఫలానా కాలేజీ మంచిదా అని అడుగుదామంటే చెప్పేవారు ఉండరు. ఆ ఫోన్ పేజీయే మనకు అన్నయ్య, అదే మేనమామ. గుర్తింపు లేని కోర్సులో చేరితే స్కాలర్‌షిప్ రాదు, సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికిరాదు. నాన్న తెచ్చిన అప్పు మాత్రం వడ్డీతో నిలిచి ఉంటుంది. అబద్ధపు పేజీ అందరినీ మోసగించినా, అడిగే దిక్కులేనివారికే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఎలా చదవాలి?

వికీపీడియా చదవడం మానేయమని నేను చెప్పడం లేదు. పైన చెప్పిన మోసాలను పట్టడానికి ఉపయోగపడింది వికీపీడియా దాచి ఉంచిన మార్పుల చరిత్రే. మామూలుగా తుడిచిన మాట కూడా అందులో నిలిచే ఉంటుంది. దాన్ని చూడటం మనం నేర్చుకోవాలి.

1. పేజీ పైన ఉన్న చరిత్ర అనే మాట నొక్కండి. ఎవరు, ఏ తేదీన, ఏం మార్చారో కనిపిస్తుంది. ఒకే పేరు మళ్లీ మళ్లీ పొగడ్తలు చేర్చి విమర్శలు తీసేస్తుంటే అనుమానించండి.

2. చర్చ పేజీ చదవండి. ఆ వ్యాసం మీద తగవులుంటే చాలావరకు అక్కడే ఉంటాయి.

3. అడుగున ఉన్న మూలాలు చూడండి. అన్నీ ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు, సొంత ప్రకటనలే అయితే అది తన పెళ్లికి తానే సాక్షి సంతకం పెట్టుకున్నట్టు.

4. మాట తీరు గమనించండి. ప్రఖ్యాత, అగ్రగామి, సాటిలేని వంటి విశేషణాలు ఎక్కువై, అంకెలు, తేదీలు తక్కువైతే అది కరపత్రం.

5. కాలేజీ విషయంలో ఏ పేజీనీ నమ్మి ఆగిపోవద్దు. యూజీసీ, ఏఐసీటీఈ, సంబంధిత యూనివర్సిటీ ఇచ్చే జాబితాల్లో పేరు ఉందో లేదో చూడండి. నకిలీ యూనివర్సిటీల జాబితాను కూడా యూజీసీ ప్రకటిస్తుంది.

మనం రాసేటప్పుడు

మన పూర్వ విద్యార్థుల్లో కోచింగ్ సెంటర్లు, చిన్న కంపెనీలు నడుపుతున్నవారు ఉంటారు. వారికి ఒక మనవి. డబ్బు తీసుకుని రాసేవారు ఎవరి కోసం రాస్తున్నారో వెల్లడించాలని 2014 జూన్ నుంచి వికీమీడియా వాడుక నిబంధనల్లో ఉంది. మీ సంస్థ గురించి మీరే రాసుకోవద్దు. తప్పు కనిపిస్తే చర్చ పేజీలో ఆధారంతో చెప్పండి, మరొకరు దిద్దుతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా రాయవచ్చు. మీ ఊరి చెరువు గురించో, మీ మండలంలోని పాత కోట గురించో, అచ్చయిన పుస్తకం ఆధారంగా తెలుగు వికీపీడియాలో నాలుగు వాక్యాలు చేర్చండి. జీతం లేకుండా రాసే నిజాయితీపరులు ఎక్కువగా ఉన్నచోట డబ్బుకు రాసేవాడు తొందరగా దొరికిపోతాడు. ఈసారి ఫోన్‌లో ఏ కాలేజీ పేజీ తెరిచినా, ఫీజు ఎంతో చూడకముందు చరిత్ర నొక్కి చూడండి.