కస్టమర్ వెళ్లిపోతే తప్పు నాదేనా?

సమస్య

అక్కా, మాది విజయనగరం దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక విశాఖ మద్దిలపాలెంలో ఒక పెద్ద బట్టల షోరూంలో చేరాను. పట్టుచీరల కౌంటర్. బస్సు డిపో దగ్గర్లో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించేదాకా నిలబడే ఉండాలి. కస్టమర్లు లేని వేళ కూడా కూర్చోనివ్వరు. భోజనానికి ఇరవై నిమిషాలు. ఆషాఢం సేల్‌లో వారం సెలవు కూడా ఇవ్వలేదు.

అదంతా ఓర్చుకుంటాను. రోజూ రాత్రి మీటింగ్ పెట్టి, టార్గెట్ చేరనివాళ్లని పేరుపెట్టి ముందుకు పిలిచి అందరి ఎదుటా తిడతారు. అది తట్టుకోలేకపోతున్నాను. పాతిక చీరలు విప్పించుకుని ‘మళ్లీ వస్తాం’ అని ఎవరైనా లేచిపోతే, ‘నన్ను పిలవకుండా ఎందుకు పంపేశావ్?’ అని ఫ్లోర్ మేనేజర్ అరుస్తాడు. పోయిన నెల స్టాక్‌లో రెండు చీరలు తగ్గాయని మా కౌంటర్ వాళ్లందరి జీతాల్లో కోశారు. మానేస్తానంటే, దసరా దాకా ఉండకపోతే ఈ నెల జీతం రాదన్నారు. తమ్ముడి పాలిటెక్నిక్ ఖర్చు నామీదే ఉంది. కాళ్లల్లో నరాలు ఉబ్బుతున్నాయి. నాకు మాటకారితనం లేదు, ఈ పనికి నేను పనికిరానేమో అక్కా. ఏం చేయమంటారు?

— పేరు రాయొద్దు, మద్దిలపాలెం

సలహా

చెల్లీ, ముందు నీ చివరి మాట గురించి మాట్లాడుకుందాం. పెళ్లి పట్టుచీర ఎవరైనా మొదట ఎక్కిన షాపులోనే కొంటారా? మీ దగ్గర చూసి, జగదాంబ సెంటర్లో ఇంకో రెండు షాపులు తిరిగి, ఫోన్లో ఫొటో పంపి ఇంట్లో పెద్దావిడ ఔనన్నాక కొంటారు. వాళ్లకి రంగులు, అంచులు విడమరిచి చెప్పింది నువ్వే అయినా, బిల్లు మాత్రం వేరే కౌంటర్‌లో పడుతుంది. మూఢంలో పెళ్లిళ్లుండవు. ఆ రోజుల్లో పట్టుచీరల కౌంటర్‌కి మాఘమాసం టార్గెట్ పెడితే ఎంత మాటకారి అయినా చేరలేదు. ధర నువ్వు వేయలేదు, సరుకు నువ్వు తేలేదు, ముహూర్తాలు నువ్వు పెట్టలేదు. చీర ఓపిగ్గా చూపించడం నీ పని. అది చేస్తున్నావు. పనికిరానని ఇంకెప్పుడూ అనుకోకు.

ఇక డబ్బు. ఇన్సెంటివ్ వేరు, జీతం వేరు. టార్గెట్ చేరకపోతే ఇన్సెంటివ్ పోవచ్చుగానీ, జీతం ముట్టుకోవడానికి వీల్లేదు. తగ్గిన చీరల ఖరీదు కోయాలన్నా, అది ఫలానా మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేల్చాలి, ఆ మనిషి సంజాయిషీ వినాలి. కౌంటర్ మొత్తానికి పంచేయడం అన్యాయం. మానేస్తే జీతం రాదన్న మాట ఉత్త బెదిరింపు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చేతికివ్వాలి. నోటీసు ఎన్నాళ్లివ్వాలో నీ అపాయింట్‌మెంట్ కాగితంలో చూసుకుని, ఆ ప్రకారం రాతపూర్వకంగా ఇవ్వు.

మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాల చట్టం ఉంది. దాని ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. నువ్వు చెప్పిన లెక్కన భోజనం వేళ తీసేసినా ఆరు రోజులకే 65 గంటలు దాటుతోంది. వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఇవాళ్టి నుంచే ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. జీతం చీటీలు దాచు. కార్మిక శాఖ అధికారి ముందు ఇవే సాక్ష్యాలు.

కూర్చోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లకీ ఇదే బాధ. కోళికోడ్‌లో విజి అనే దర్జీ మనిషి వాళ్లని కూడగట్టింది. మొదట మూత్రశాలల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఇప్పుడు దేశమంతటికీ వర్తించే వృత్తి భద్రత కోడ్ కూడా నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలంటోంది. రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి కావాలంటోంది. కాబట్టి స్టూలు అడగడం బద్ధకం కాదు. ఒక్కదానివే వెళ్లి అడగకు. మీ కౌంటర్ పిల్లలంతా సంతకాలు పెట్టి, స్టూళ్లు, కోసిన డబ్బు, వారం సెలవు, రాత్రి మీటింగులో తిట్లు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద రాసి యజమానికివ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.

కాళ్లు మాత్రం వాయిదా వేయకు. జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉంటే మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి, లేకపోతే కేజీహెచ్ ప్రభుత్వాస్పత్రికి వెళ్లు. రాత్రిళ్లు దిండు మీద కాళ్లు ఎత్తి పడుకో.

మానేయాలా? ఇంకో ఉద్యోగం చేతికి రాకుండా కోపంలో మానేయొద్దు. తమ్ముడి చదువుంది. వెతకడం మాత్రం ఇవాళే మొదలుపెట్టు. కాగితం ఇచ్చిన తర్వాత కూడా మళ్లీ జీతం కోస్తే, దసరా అని చూడకుండా బయటికి రా. కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వు.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లకి ఒక విన్నపం. చీర నచ్చకపోతే కొనకండి, తప్పులేదు. లేచేముందు ‘అమ్మాయి బాగా చూపించింది, మాకే కుదరలేదు’ అని ఆ ఫ్లోర్ మేనేజర్‌కి వినపడేలా చెప్పండి.