చేయి వదిలే ముందు

లింగాల

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. మన పత్తి చేను మీద నీ డ్రోన్ గాలికి ఒరిగి, తనంతట తానే సర్దుకున్న తీరు ముచ్చటేసింది. "ఇక రిమోట్‌తో పని లేదు మామా, వచ్చే వానాకాలం ఊరందరికీ మందు కొడతా" అన్నావు. ఆ మాటకే ఈ ఉత్తరం.

నీకు బొంగరం నేర్పింది నేనే. తిరుగుతున్నదాన్ని వేళ్ల సందున ఎత్తి అరచేతిలోకి తీసుకునేవాడివి. ములికి గిలిపెడుతుంటే నవ్వుతూ అరచేయి వంచేవాడివి, బొంగరం మాత్రం నిటారుగా నిలిచేది. అమెరికాలో లారెన్స్ స్పెర్రీ విమానానికి పట్టించింది ఆ గుణాన్నే. వేగంగా తిరిగే చక్రాల ఇరుసు దిక్కు మారదు; ఆ అమరికనే గైరో అంటారు. విమానం ఒరిగితే ఆ తేడాను పట్టుకుని యంత్రమే రెక్కల పలకలను కదిపి సరిచేస్తుంది.

1914 జూన్ 18న పారిస్ దగ్గర బెజోన్స్‌లో, సీన్ నది మీద విమానాల పోటీ. స్పెర్రీ రెండు చేతులూ పైకెత్తాడు. మెకానిక్ ఎమిల్ కాషాన్ రెక్క మీదికి నడిచాడు. బరువు ఒక పక్కకు పడినా విమానం చదునుగానే సాగింది. 50,000 ఫ్రాంకుల బహుమతి గెలిచారు.

బిడ్డా, చేతులెత్తినవాడు ఆ విమానంలోనే కూర్చుని ఉన్నాడు. నీ డ్రోన్ కింద నువ్వుండవు, కలుపు తీసే ఆడవాళ్లుంటారు.

అదే స్పెర్రీ 1923 డిసెంబర్ 13న ఇంగ్లీష్ ఛానల్ దాటబోయి సముద్రంలో పడి చనిపోయాడు. ముప్పై ఒకటి నిండలేదు. గాలిలో వచ్చే గండాల్లో ఒరగడం ఒకటి, అంతే. నీ గైరో ఇప్పుడు కందిగింజంత చిప్పు. అందులో చక్రమే లేదు, కంటికి ఆనని తునక అదురుతుంటుంది. అది ఒరుగుడును కనిపెడుతుంది. కరెంటు తీగను చూడదు, దిగిపోయే బ్యాటరీని నిలబెట్టదు, పక్క చేలోకి కొట్టుకుపోయే మందును ఆపదు.

అందుకని నెల రోజులు ఉత్త నీళ్లు పోసి మన చేను మీదే తిప్పు. గాలి ఉన్న పూటా తిప్పు. పడినప్పుడల్లా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకో. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ వాళ్ల డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఇంకొకరి చేను గట్టు దాటకు. రైతుకు చూపేటప్పుడు అది చేయలేని పనులు ముందు చెప్పు.

బొంగరం నేర్చుకునేటప్పుడు నీ వేళ్లు ఎన్నిసార్లు గీసుకుపోయాయో మీ అమ్మనడుగు. ఇంకొకరి కాలి మీద మాత్రం ఎన్నడూ వేయలేదు నువ్వు.

పైలం.

మీ మామ