బ్రేకు మెత్తబడితే ఆయిలు పోసి ఊరుకోరాదు

పాలు విరిగితే కారణం వెదుకుతాము. క్యాను సరిగా కడగలేదా, పొద్దెక్కిందా, రాత్రి పాలు కలిశాయా అని ఒక్కొక్కటే చూస్తాము. అవే పాలు మోసే వ్యాను బ్రేకు మెత్తబడితే మాత్రం కొంచెం ఆయిలు పోసి పంపేస్తాము. ఈ అలవాటు ఎంత ప్రమాదమో, అసలు కారణం ఎలా పట్టుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఓచర్లలో కనిపించిన జబ్బు

కొన్నేళ్ళ క్రితం భావనపాడు తీరం వైపు ఒక పాల సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తున్నాను. చిల్లర ఖర్చుల్లో రెండు నెలలకు నాలుగు ఓచర్లు కనిపించాయి. నాలుగూ బ్రేకాయిలువే. డీజిలులాగా బ్రేకాయిలు ఖర్చయ్యేది కాదు. డ్రైవరును పిలిచి అడిగాను.

"రెండు మాట్లు తొక్కితే పట్టేస్తాది బావూ, ఏటీ పర్నేదు" అన్నాడు.

గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. అంతకు ముందు వారం నిండు క్యాన్లతో వస్తుండగా పెడలు నేల వరకు దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని రోడ్డు పక్క ఇసుకలోకి దింపాడు. పక్కన సభ్యుని కొడుకు కూర్చొని ఉన్నాడు. చెబితే తప్పు తన మీద పడుతుందని డ్రైవరు నోరు విప్పలేదు.

రిపేరుకు పాలకవర్గ తీర్మానం కావాలి. ఆయిలుకు కార్యదర్శి చేతిలోని చిల్లర సొమ్ము చాలు. అందుకే ఆయిలు పోస్తూ నెట్టుకొచ్చారు. ఆ నాలుగింటిలో రెండు ఓచర్లకు అంతకు ముందు తనిఖీలో నేనే టిక్కు పెట్టాను. కూడిక చూశానే గాని, కొన్న వస్తువేమిటో ఆలోచించలేదు.

బండి కింద చూస్తే వెనుక ఇరుసు దగ్గర, క్లిప్పు కింద, బ్రేకు పైపు తుప్పు పట్టి చెమరుస్తోంది. నౌపడా ఉప్పు మడుల గాలి తగిలే ఆ దారిలో ఇనుము తొందరగా తింటుంది. పైగా పాల వ్యాను రోజూ కడుగుతారు గనుక కింద ఎప్పుడూ తడే. ఆయిలు చుక్కను నీటి చుక్క అనుకున్నారు.

బ్రేకు పనిచేసే తీరు

పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులోని ఆయిలు పైపుల ద్వారా చక్రాల దగ్గరి సిలిండర్లకు ఒత్తిడి చేరుస్తుంది. అక్కడ బ్రేకు షూలు విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటాయి. ఆయిలు ఒత్తిడికి కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకే లైను ఉంటుంది. ఒకచోట కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

బండి నిలిపి చేసే పరీక్షలు

చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, ఈ వరుసలో చూడాలి.

1. ఆయిలు డబ్బాలో మట్టం చూసి గుర్తు పెట్టండి. షూలు అరిగే కొద్దీ మట్టం నెమ్మదిగా కొంత తగ్గడం సహజం. వారం వారం పోయవలసి వస్తే ఎక్కడో కారుతున్నట్లే.

2. పెడలును ఒక నిమిషం అదిమి పట్టండి. మెల్లగా దిగిపోతూ, మట్టం కూడా తగ్గితే పైపు, హోసు, చక్రాల సిలిండర్లు చూడాలి. దిగుతున్నా మట్టం తగ్గక, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పు అరిగిందని ముందుగా అనుమానించాలి.

3. వెంట వెంటనే నాలుగైదుసార్లు తొక్కండి. పెడలు పైకి వచ్చినా స్పంజిలా ఊగితే లైనులో గాలి ఉంది. పైకి వచ్చి గట్టిగా నిలిస్తే షూలకూ డ్రమ్ముకూ ఎడం పెరిగింది. అడ్జస్టు చేయించాలి, లైనింగ్ చూడాలి.

4. ఇంకొకరి చేత పెడలు తొక్కిస్తూ చక్రాల దగ్గరి హోసులు చూడండి. ఉబ్బినా, పగుళ్ళున్నా మార్చాలి.

రాత్రి బండి నిలిపే చోట పొడి అట్టముక్కలు పరిచి, తెల్లవారి కడగక ముందే చూడండి. కారుతున్నది ఏ చక్రం దగ్గరో తెలుస్తుంది. సర్వో ఉన్న బండిలో తొక్కి ఉంచి ఇంజను స్టార్టు చేస్తే పెడలు కొద్దిగా దిగుతుంది. అది లోపం కాదు.

చల్లగా ఉంటే బాగుండి, వేడెక్కితే మెత్తబడితే

బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ వంటి దిగుడు రోడ్డులో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆయిలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి గాలిలాగే కుదించుకుంటుంది. అందుచేత దిగుడులో చిన్న గేరు వాడాలి. రెండేళ్ళకోసారి ఆయిలంతా మార్చాలి.

చేయరాని పనులు

బ్రేకాయిలు లేదని ఇంజనాయిలు, కిరసనాయిలు పోయరాదు. రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. గాలి తీసినప్పుడు బయటికి వచ్చిన ఆయిలు మళ్ళీ డబ్బాలో పోయరాదు. ఖాళీ క్యాన్లతో బ్రేకు బాగా పడిందని నమ్మరాదు. 40 లీటర్ల క్యాన్లు 25 నిండితే పాల బరువే టన్ను దాటుతుంది.

సంఘం చేయవలసినది

రిపేరు మెకానిక్ పని. లక్షణం గమనించి అతనికి చెప్పడం, బండిని ఆపడం మన పని. కాబట్టి బ్రేకు రిపేరుకు కార్యదర్శి వెంటనే ఖర్చు చేసి, తదుపరి సమావేశంలో ఆమోదం పొందేట్లు ముందుగానే ఒక తీర్మానం చేసి ఉంచండి. పోసిన ఆయిలు, తేదీ లాగ్ పుస్తకంలో రాయించండి. బ్రేకు బాగా లేదని డ్రైవరు చెబితే ఆ పూట వేరే బండి మాట్లాడండి. చెప్పినందుకు అతణ్ణి మందలించకండి.

ఆ సంఘంలో పైపు ముక్క మార్చి, గాలి తీయడానికి ఒక పూట పట్టింది. ఒక పూట పాలు ఆలస్యమైతే నష్టం లెక్క కట్టగలం. ఆ రోజు ఇసుకకు బదులు చెరువు ఉండి ఉంటే జరిగే నష్టాన్ని ఏ ఖాతాలో రాస్తాము?